డబ్బు సంగతి డాక్టర్ దగ్గరే మాట్లాడండి

ప్రశ్న: మా బాబు 27 వారాలకే పుట్టాడు. పుట్టినప్పుడు బరువు 950 గ్రాములు. రెండున్నర నెలలు ఎన్ఐసీయూలో (పసికందుల ఐసీయూ) ఉంచి, ఆక్సిజన్‌తోనే ఇంటికి పంపారు. ఇప్పుడు 9 నెలలు. ఈలోపు న్యుమోనియాతో రెండుసార్లు మళ్లీ ఆస్పత్రిలో చేర్చాం. ఇంకా కూర్చోవడం లేదు. గజ్జల్లో హెర్నియా ఉంది, ఆపరేషన్ చెయ్యాలన్నారు. చెవులకు బెరా పరీక్ష రాశారు కానీ, చప్పట్లు కొడితే తల తిప్పుతున్నాడు కదా అని వాయిదా వేశాం. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్తున్నాం. దాచుకున్నదంతా అయిపోయింది. బావమరిది దగ్గర తెచ్చిన అప్పు అలాగే ఉంది, అతను ఫోన్ చేస్తే ఎత్తడం మానేశాను. నా భార్య ఉద్యోగం మానేసింది. రాత్రంతా ఆక్సిమీటర్ అంకెలు చూస్తూ కూర్చుంటుంది. ‘కడుపుతో ఉన్నప్పుడు ఒకచోట పడుకుని ఉంటే ఇలా అయ్యేది కాదు’ అని మా అమ్మ ఒకసారి అంది. అప్పటినుంచి ఆ ఇద్దరికీ మాటల్లేవు. ఆరేళ్ల మా పెద్దమ్మాయి దగ్గు వస్తే దుప్పట్లో మొహం పెట్టుకుని దగ్గుతోంది, తమ్ముడి దగ్గరికి రానివ్వరేమోనని. ఫిజియోథెరపీ మానేసి, ఆ డబ్బు పోగుచేసి ఎవరో చెప్పిన స్టెమ్ సెల్ చికిత్స చేయిద్దామా అని ఆలోచిస్తున్నాం. ఒక్కోసారి వీడు ఆ మొదటి వారంలోనే పోయి ఉంటే అందరికీ బాగుండేదేమో అనిపిస్తుంది. ఈ మాట రాయడానికే సిగ్గుగా ఉంది. ఏం చెయ్యమంటారు? – ఒక తండ్రి

జవాబు: మీరు చివర్లో రాసిన మాటతోనే మొదలుపెడతాను. ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల్లో ఎప్పుడో ఒకప్పుడు ఆ ఆలోచన వచ్చినవాళ్లు మీరనుకునే దానికంటే చాలా ఎక్కువ. పైకి చెప్పేవాళ్లే తక్కువ. ఫాలోఅప్ క్లినిక్‌లో అన్నీ మాట్లాడేసి, తలుపు దాకా వెళ్లి, భార్యని బయట కూర్చోబెట్టి వెనక్కొచ్చి గొంతు తగ్గించి చెప్పిన తండ్రులను నేను చూశాను. నెలల తరబడి నిద్రలేక, జేబు ఖాళీ అయి ఉన్న మనిషికి ఈ పరిస్థితి ఎలాగైనా ముగిసిపోతే చాలనిపిస్తుంది. అంతమాత్రాన మీరు చెడ్డ తండ్రి అయిపోరు. చెడ్డ తండ్రి కూతురు దుప్పట్లో దగ్గడం గమనించడు. అయితే ఒక్క జాగ్రత్త. ఆ ఆలోచన రోజూ వస్తున్నా, బాబుకో మీకో ఏదైనా హాని చెయ్యాలన్న వైపు పోతున్నా, ఆ రోజే మీ డాక్టర్‌కి చెప్పండి. రేపటికి వాయిదా వద్దు.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏది ఆపాలి, ఏది వాయిదా వెయ్యాలి అన్నవన్నీ మీ ఇద్దరే, బహుశా రాత్రిపూట, బిల్లులు ముందేసుకుని తేల్చేసుకుంటున్నారు. డాక్టర్ ముందు మాత్రం ‘సరే సార్’ అని తలూపి వస్తున్నారు. దాంతో ఏమైందో చూడండి. ఒక్క రోజు కూడా ఆగకూడని పరీక్షేమో ఆగిపోయింది. ఖర్చు తగ్గించుకునే వీలున్న ఫిజియోథెరపీయేమో పూర్తి ఖర్చుతో నడుస్తోంది. ఇప్పుడు దాన్నీ మానేసి, అసలు పెట్టకూడని చోట డబ్బు పెట్టబోతున్నారు. తప్పు మీది కాదు. ఏది ఎంత తొందరో మీకు ఎవరూ చెప్పలేదు, మీరు అడగలేదు.

ముందు బెరా. ఎన్ఐసీయూలో వారాల తరబడి ఉన్న పిల్లలకు వినికిడి లోపం వచ్చే అవకాశం మిగతా పిల్లలకంటే ఎక్కువ. వెంటిలేటర్, జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్స్, ఎక్కువైన కామెర్లు, ఇవన్నీ కారణాలే. చప్పట్లకు తల తిప్పుతున్నాడన్నది లెక్కలోకి రాదు. మీ చెయ్యి కదలడం కంటికొసన కనిపించినా తిప్పుతాడు. ఒక చెవి బాగుండి రెండోది బాగాలేకపోయినా తిప్పుతాడు. చప్పట్ల లాంటి పెద్ద శబ్దాలు వినబడి, మాటల్లోని ‘స’, ‘ష’ లాంటి సన్నని శబ్దాలు వినబడకపోయినా తిప్పుతాడు. వినికిడి సంగతిలో ప్రపంచమంతా పాటించే లెక్క ఒకటుంది: నెలలోపు తొలి పరీక్ష, 3 నెలలకల్లా లోపం ఉందో లేదో తేలాలి, 6 నెలలకల్లా చికిత్స మొదలవ్వాలి. మీ వాడు నెలలు తక్కువగా పుట్టాడు కాబట్టి కొంత వెసులుబాటు ఇచ్చినా ఆ గడువు కూడా వచ్చేసింది. లోపం ఉంటే వినికిడి యంత్రం ఎంత ముందు పెడితే మాట అంత బాగా వస్తుంది. లేదని తేలితే మీ నెత్తిమీద ఒక బరువు తగ్గుతుంది. నిద్రలో చేసే పరీక్ష ఇది, నొప్పి ఉండదు. బాబుని ఆకలి మీద, నిద్ర మీద తీసుకెళ్లి అక్కడే పాలు పట్టి పడుకోబెడితే మత్తుమందు అవసరం కూడా చాలాసార్లు పడదు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఆ మాట అడగండి.

‘ఇంకా కూర్చోవడం లేదు’ అన్నారు. వాడు 13 వారాలు ముందొచ్చాడు. అంటే వయసులో మూడు నెలలు తీసెయ్యండి. ఎదుగుదల లెక్కల్లో మీ వాడికి ఇప్పుడు 6 నెలలు. ఆరు నెలలకు చెయ్యి ఆనించుకుని కాస్త కూర్చునేవాళ్లూ ఉంటారు, ఇంకా పక్కకు ఒరిగిపోయేవాళ్లూ ఉంటారు. బరువు, పొడవు, ఆటపాటలు, మాటలు అన్నీ రెండేళ్లు నిండేదాకా ఈ సవరించిన వయసుతోనే చూడాలి. చుట్టాలు ‘మా వాడు ఈ వయసుకి పాకేవాడు’ అన్నప్పుడల్లా నొచ్చుకోకండి, వాళ్లు తప్పు లెక్క వేస్తున్నారంతే. టీకాలకు మాత్రం ఈ సవరణ లేదు. అవి పుట్టిన తేదీ నుంచే లెక్క. ఫ్లూ టీకా కూడా ఆరు నెలలు దాటినవాడు కాబట్టి వేయించొచ్చు. ఇంట్లో మీరు ముగ్గురూ, అమ్మగారూ కూడా వేయించుకోండి. రెండుసార్లు న్యుమోనియా వచ్చిన ఊపిరితిత్తులకు మూడోది రాకుండా చూడటమే అన్నిటికంటే చవకైన వైద్యం. పసిపిల్లల ఊపిరితిత్తులకు సోకే ఆర్‌ఎస్‌వీ వైరస్‌కి ముందుజాగ్రత్తగా ఇచ్చే యాంటీబాడీ ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి. పాత రకం నెలనెలా వెయ్యాలి, కొత్తది ఒక్క డోసుతో ఆ సీజనంతా పనిచేస్తుంది. మీ వాడికి అవసరమా, అందుబాటులో ఉందా అని డాక్టర్‌ని అడగండి. ఇక పిల్లాడున్న ఇంట్లో ఏ రకం పొగా ఉండకూడదు. బయటినుంచి ఎవరొచ్చినా ముందు చేతులు కడుక్కోవాల్సిందే. మొహమాటపడొద్దు.

ఇప్పుడు డబ్బు. తర్వాతిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు, బాబుని చూడటం అయిపోయి కాగితం రాయబోయే ముందు ఇలా అడగండి: ‘డాక్టర్‌గారూ, వీడి వైద్యానికి నెలకు మేం పెట్టగలిగింది ఇంతే. మీరు రాసినవాటిలో ఈ నెల తప్పనిసరిగా చెయ్యాల్సింది ఏది? కొన్నాళ్లు ఆగినా బాబుకి నష్టం లేనిది ఏది? ఇంతకంటే తక్కువలో అయ్యే మార్గం ఉన్నది ఏది?’ అంకె కూడా చెప్పండి. ‘కాస్త ఇబ్బందిగా ఉందండీ’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. డబ్బు లేదంటే వైద్యం తగ్గించేస్తారేమోనని చాలామందికి భయం. నా అనుభవంలో జరిగేది వేరు. ఇబ్బంది తెలియని డాక్టర్ అందరికీ రాసినట్టే మీకూ రాస్తాడు. తెలిసినవాడు పెన్ను ఆపి ఆలోచిస్తాడు. ఈ ప్రశ్నకు విసుక్కునే డాక్టరైతే, వేరే డాక్టర్‌ని వెతుక్కోవడానికి అది చాలు.

ఇంకొకటి. ఊపిరితిత్తులకొకరు, మెదడుకొకరు, కళ్లకొకరు, ఎముకలకొకరు అని తిరిగితే ఎవరి పరీక్షలు వాళ్లు రాస్తారు. ఒక పిల్లల డాక్టర్‌ని పెద్దదిక్కుగా పెట్టుకోండి. ఎవరేం రాసినా ఆయనకో ఆమెకో చూపించాకే చేయించండి. ఒక కాగితం మీద బాబు కథంతా రాసిపెట్టుకోండి: ఎన్ని వారాలకు పుట్టాడు, వెంటిలేటర్ మీద ఎన్ని రోజులు, తల స్కానింగ్‌లో ఏం రాశారు, రెటీనా పరీక్షలు ఎప్పుడు ముగిశాయి, వేసిన టీకాలు, ఇప్పటి బరువు, ఇప్పుడు వాడే మందులు. మళ్లీ అడ్మిట్ చెయ్యాల్సివస్తే అర్ధరాత్రి డ్యూటీ డాక్టర్ చేతిలో ఈ కాగితం పెట్టండి. నెలక్రితం తీసిన ఎక్స్‌రేలూ రక్తపరీక్షలూ మళ్లీ తీయించే అవసరం చాలావరకు తప్పుతుంది. రెటీనా పరీక్షలు పూర్తయ్యాయని కాగితం మీద లేకపోతే కళ్ల డాక్టర్‌కి ఫోన్ చేసి కనుక్కోండి. అవి పూర్తయినా ఇలాంటి పిల్లలకు మెల్లకన్ను, దూరంలో ఉన్నవి మసకగా కనిపించే లోపం ఎక్కువగా వస్తాయి కాబట్టి డాక్టర్ చెప్పిన గడువుకి మళ్లీ చూపించాలి.

మందుల సీసాలు కూడా ఒకసారి తీసి చూడండి. డిశ్చార్జ్ రోజున రాసిన ఐరన్ చుక్కలు ఉంటాయి. అప్పుడు వాడు రెండు కిలోలో రెండుంబావో ఉండి ఉంటాడు, డోసు ఆ బరువుకి రాసింది. ఇప్పుడు బరువు రెట్టింపు దాటి ఉంటుంది. చుక్కలు అవే పడుతుంటే మందు కొన్నట్టే ఉంటుంది కానీ, పనిచెయ్యదు. పైగా కంపెనీ మారితే ఒక్కో మిల్లీలీటర్‌లో ఉండే ఐరన్ కూడా మారిపోతుంది. అందుకే ఎన్ని చుక్కలు అని కాకుండా, ఎన్ని మిల్లీగ్రాములు, ఈ సీసాలో అది ఎన్ని ఎంఎల్ అని రాయించుకోండి. ఐరన్, విటమిన్ డి అవసరమే. వాటికి పైన ఎవరో చెప్పారని వాడుతున్న బలం టానిక్కులు ఏమైనా ఉంటే, డాక్టర్‌కి చూపించి ఆపెయ్యండి.

ఆస్పత్రి బిల్లుల విషయంలో మొత్తం అంకె చూసి కట్టేసి రాకండి. దేనికెంతో విడివిడిగా రాసిన బిల్లు అడగండి. వాయిదాల్లో కట్టే వీలుందా, ఆస్పత్రిలో సోషల్ వర్కర్ ఉన్నారా, ప్రభుత్వ పథకం గానీ మీ ఆఫీసు ఇన్సూరెన్స్ గానీ వర్తిస్తుందా అన్నవి అడ్మిషన్ అయిన మొదటి రోజే అడగాల్సిన ప్రశ్నలు. డిశ్చార్జ్ కౌంటర్ దగ్గర అడిగితే సగం దారులు మూసుకుపోయి ఉంటాయి. వైద్యం మొత్తం ఒకేచోట జరగాలన్న నియమమూ లేదు. ఊపిరితిత్తుల ఫాలోఅప్ ఇప్పుడున్న చోటే పెట్టుకుని, బెరా, ఆపరేషన్ లాంటివి మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో చేయించుకోవచ్చు.

హెర్నియా గురించి రెండు మాటలు. ఇలాంటి పిల్లలకు మరీ చిన్నప్పుడు మత్తు ఇస్తే ఆ తర్వాత ఊపిరి ఆగే ప్రమాదం ఎక్కువ కాబట్టి కొన్నాళ్లు ఆపడం మామూలే. మీ వాడి విషయంలో ఆ భయం చాలావరకు దాటింది. ఇంకా ఆక్సిజన్ మీద ఉన్నాడు కాబట్టి ఎప్పుడు చెయ్యాలన్నది సర్జన్, మత్తు డాక్టర్, మీ పిల్లల డాక్టర్ కలిసి చెప్పాలి. ఇలాంటి పిల్లలకు మత్తు ఇచ్చిన అనుభవం ఉన్నచోటే చేయించండి, ఇక్కడ మాత్రం చవక చూడొద్దు. అలాగని ఏడాది తోసెయ్యకండి. పేగు ఇరుక్కుంటే అర్ధరాత్రి ఎమర్జెన్సీ ఆపరేషన్ అవుతుంది, ఖర్చూ ప్రమాదమూ రెండూ పెరుగుతాయి. వాపు గట్టిపడి లోపలికి వెళ్లకపోయినా, రంగు మారినా, ఆగకుండా ఏడుస్తూ వాంతులు చేసుకున్నా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి.

ఫిజియోథెరపీ ఆపొద్దు, పద్ధతి మార్చండి. వారానికి రెండుసార్లు వెళ్లి అరగంట చేయిస్తున్నారు. మిగతా వారమంతా వాడు మీ చేతుల్లోనే ఉన్నాడు కదా. థెరపిస్ట్‌తో ‘మాకు నేర్పించండి’ అనండి. ఎలా ఎత్తుకోవాలి, ఒళ్లో ఎలా కూర్చోబెట్టాలి, మెలకువగా ఉన్నప్పుడు బోర్లా ఎంతసేపు వెయ్యాలి, ముక్కు దగ్గర ట్యూబు లాగకుండా పక్కకు ఎలా దొర్లించాలి, ఇవన్నీ ఫోన్‌లో వీడియో తీసుకోండి. డైపర్ మార్చినప్పుడల్లా ఐదు నిమిషాలు చేస్తే రోజుకు అరగంట దాటిపోతుంది. అప్పుడు పదిహేను రోజులకోసారో నెలకోసారో వెళ్లి చూపించుకుంటే సరిపోతుందా అని డాక్టర్‌ని అడగండి. కండరాలు బిగుసుకుంటున్నాయనో, తల స్కానింగ్‌లో తేడా ఉందనో చెబితే మాత్రం ఎక్కువసార్లు వెళ్లాల్సివస్తుంది. (ఎవరైనా వాకర్ కొనిస్తామంటే వద్దనండి. నడక తొందరగా రాదు సరికదా, దెబ్బలు తగులుతున్నాయని కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది.)

స్టెమ్ సెల్ చికిత్సకు ఒక్క పైసా కట్టకండి. నెలలు తక్కువ పిల్లల ఊపిరితిత్తులకైనా మెదడుకైనా అది ఇంకా పరిశోధనల దశలోనే ఉంది, రుజువైన చికిత్స కాదు. పద్ధతి ప్రకారం జరిగే పరిశోధనల్లో సాధారణంగా ఆ చికిత్సకు తల్లిదండ్రుల దగ్గర డబ్బు తీసుకోరు. అడ్వాన్సు అడిగారంటేనే అర్థమైపోవాలి. మీ వాడి ఊపిరితిత్తులకు నిజంగా పనిచేసే మందు వాడి ఎదుగుదలే. పుట్టాక కూడా రెండు మూడేళ్ల పాటు ఊపిరితిత్తుల్లో కొత్త గాలి సంచులు ఏర్పడుతూనే ఉంటాయి. అందుకే ఆక్సిజన్‌తో ఇంటికొచ్చిన పిల్లల్లో ఎక్కువమంది రెండేళ్లలోపే దాన్ని వదిలించుకుంటారు. ఆక్సిజన్ అందించే యంత్రాన్ని (కాన్సెంట్రేటర్) కొనకుండా అద్దెకు తీసుకోమనేది కూడా ఇందుకే. కరెంటు పోతే వాడటానికి చిన్న సిలిండర్ ఒకటి దగ్గరుండాలి. ఖర్చు తగ్గుతుందనో, బుగ్గ మీద టేపు పెట్టినచోట చర్మం ఎర్రగా లేస్తోందనో ఆక్సిజన్‌ని మీ అంతట మీరు తగ్గించొద్దు. పైకి బాగానే కనిపిస్తూ లోపల గుండె మీద భారం పెరుగుతుంది, బరువు పెరగడం ఆగిపోతుంది. ఆ చర్మానికి టేపు కింద వేసే పలచటి పట్టీ దొరుకుతుంది, అడగండి.

మీ భార్య గురించి మీరు రెండే వాక్యాలు రాశారు. నన్ను ఎక్కువ కంగారు పెట్టినవి అవే. ఆక్సిమీటర్ అంకె ఎంత కిందికి పడితే కంగారు పడాలో, అలారం ఎంత దగ్గర పెట్టాలో డాక్టర్‌ని అడిగి రాయించుకోండి. పిల్లాడు కాలు ఆడించినా, సెన్సర్ జారినా అంకె ఒక్కసారిగా పడిపోతుంది. అప్పుడు ముందు చూడాల్సింది పెదాల రంగు, ఊపిరి ఎగపోతోందా లేదా అన్నది. పిల్లాడు నీలంగా మారినా, ఊపిరి తీసుకునేటప్పుడు డొక్కలు లోపలికి లాగుతున్నా, పాలు సగానికి సగం తగ్గినా, మత్తుగా ఉన్నా అంకె ఎంతున్నా బయల్దేరండి. మిగతా రాత్రులు వంతులు వేసుకోండి. ఆమెకు ఏ రాత్రయినా ఒకే దఫా ఐదు గంటల నిద్ర దొరకాలి, ఆ ఐదు గంటలూ అలారం మీ బాధ్యత. ఎన్ఐసీయూ తల్లుల్లో కాన్పు తర్వాతి డిప్రెషన్ చాలా ఎక్కువ. నిద్రపోయే వీలున్నా నిద్ర పట్టకపోవడం, మాట తగ్గిపోవడం, తనవల్లే ఇలా అయిందనుకోవడం దాని లక్షణాలు. దానికి మంచి చికిత్స ఉంది. పాలిచ్చే తల్లులు వాడగలిగే మందులూ ఉన్నాయి. బాబు కోసం వెళ్లినప్పుడే ఆమె గురించీ అడగండి.

అమ్మగారితో మాట్లాడాల్సింది కూడా మీరే, మీ ఆవిడ కాదు. ‘అమ్మా, పడుకుని ఉంటే కాన్పు ఆగేది కాదట, డాక్టర్లే చెప్పారు’ అనండి. ఇది ఓదార్పు కోసం చెప్పే మాట కాదు. మంచం దిగకుండా ఉంటే ముందస్తు కాన్పు ఆగుతుందని ఇప్పటివరకు రుజువు కాలేదు. చాలా కాన్పుల్లో ముందే ఎందుకొచ్చిందో కారణమే దొరకదు. ఆ మాట అన్నాక అమ్మగారికో పని అప్పగించండి, పెద్దమ్మాయిని స్కూలుకి పంపడమో, రాత్రి ఒక వంతో.

పెద్దమ్మాయితో ఈ రోజే కూర్చోండి. దగ్గొస్తే వెంటనే నాన్నకి చెప్పాలి, చెబితే ఎవరూ కోప్పడరు, తమ్ముడికి ఏదైనా అయితే అది తన తప్పు కాదు. ఈ మూడూ చెప్పండి. దగ్గున్న రోజుల్లో తమ్ముడికి దూరంగా ఉంచక తప్పదు. ఆ రోజుల్లో మాత్రం మీరు తన పక్కన పడుకోండి. దగ్గు లేనప్పుడు చేతులు కడుక్కుని వాడికి బొమ్మ చూపించి తల తిప్పించే పని తనకే ఇవ్వండి. థెరపీలో అదీ ఒక భాగమే.

బావమరిది ఫోన్ ఎత్తండి. అతనికి డబ్బు రాకపోవడం కంటే మీరు మాట్లాడకపోవడమే ఎక్కువ కష్టంగా ఉండి ఉంటుంది. ‘ఇంత తీసుకున్నాను, మర్చిపోలేదు. ఇప్పుడు తీర్చలేను. బాబు ఆపరేషన్ అయ్యాక నెలనెలా ఇంత ఇస్తాను’ అని చెప్పి, అదే మెసేజ్‌గా కూడా పెట్టండి. చెప్పే అంకె మీరు నిజంగా ఇవ్వగలిగింది అయ్యుండాలి. దాన్ని తీర్చడానికి మాత్రం ఎక్కువ వడ్డీకి ఇంకో అప్పు చెయ్యొద్దు.